చుక్కాని మీద చెయ్యి

ఆదివారం, సాయంత్రం

పొద్దున్నే బయల్దేరాల్సినవాళ్ళం మధ్యాహ్నం దాటాక బయల్దేరాం. ఆలస్యానికి కారణం నేనేనని మా ఆవిడ అనలేదు. అనకుండా ఒక చూపు చూసింది. దానికంటే అనెయ్యటమే నయం.

బోటు ఎంత దూరం వచ్చింది, గాలి ఎటునుంచి వీస్తోంది, ఇవన్నీ ఆవిడ రాసుకుంటుంది. ఆవిడ కెప్టెన్. ఈ డైరీ నా సొంతం, ఇందులో ఎవరికీ జడవకుండా రాసుకోవచ్చు. కాబట్టి మొదటి మాటే నిజం రాస్తున్నాను. నాకీ ప్రయాణం బొత్తిగా ఇష్టం లేదు. భయమని కాదు. భయం వేరు, ఇష్టం లేకపోవటం వేరు.

ఆవిడకిది పదేళ్ళ కోరిక. వారమంతా ఆస్పత్రిలో జనం ఎముకలకి ఎక్స్-రేలు తియ్యటం, సెలవు రోజు రాగానే సముద్రం మీదకి పరిగెత్తటం. మొదట క్లబ్బువాళ్ళ చిన్న పడవలు, తరవాత ఎవరో వాడి వదిలేసిన ఈ తెరచాపల బోటు. లోపల ఇద్దరు మనుషులు వంగి నడిచేంత గది, ఒక స్టవ్వు, రెండు పడకలు. ఇన్నాళ్ళూ ఒడ్డు కనిపించేంత దూరంలోనే తిరిగాం. ఇప్పుడు ఒడ్డు వదిలేసి అవతలి రేవు దాకా వెళ్ళాలి. నాలుగు రోజులో ఐదు రోజులో, గాలి దయ. వేరే ఎవరినైనా తోడు తీసుకెళ్ళమన్నాను. "మీరు రాకపోతే నేనూ వెళ్ళను" అంది. ఆ మాటకి నేను కరిగిపోయి ఒప్పుకున్నానని ఆవిడ అనుకుంటోంది. అసలు సంగతేమిటంటే ఆ మాట మా బావమరిది ముందు అంది.

బావమరిదికి రేవులో ఇంజిన్లు బాగుచేసే షెడ్డు ఉంది. ఈ బోటు ఇంజిను కూడా అతనే విప్పి బిగించాడు. మేం కదులుతుంటే గట్టు మీద నిలబడి, "బావా, వెనకాల ఎల్ బోర్డు కట్టటం మర్చిపోయారు" అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వక చస్తానా.

ఊళ్ళో సగం మందికి స్టీరింగు పట్టుకోవటం నేర్పింది నేను. అందరికీ మాస్టారినే, ఇంట్లో ఆవిడక్కూడా. నా డ్రైవింగ్ స్కూలు కారులో నా పక్క కూడా ఒక బ్రేకుంటుంది. నేర్చుకునేవాడు ఎంత మొద్దయినా నా చెయ్యి స్టీరింగుకి జానెడు దూరంలో ఉంటుంది కాబట్టి ఇన్నేళ్ళలో ఆ కారుకి ఒక్క సొట్ట పడలేదు. అలాంటివాడికి ఈ బోటులో ఉన్న హోదా టీ పెట్టటం, తాళ్ళు చుట్టటం.

ఇక్కడ ఆవిడ పెట్టిన నియమం ఒకటే. చుక్కాని ఎవరు పట్టుకుంటే వాళ్ళదే, రెండోవాళ్ళు చెయ్యి వెయ్యకూడదు. బోటు కొనకముందే నా చేత ఒట్టు వేయించుకుంది. ఇందులో స్టీరింగు చక్రం ఉండదు, పొడుగాటి కర్ర ఉంటుంది. దాన్ని ఎడమకి లాగితే బోటు కుడికి పోతుంది, కుడికి లాగితే ఎడమకి. బుద్ధి ఉన్నవాడెవడూ ఇలాంటిది కనిపెట్టడు.

సోమవారం

మంచి గాలి. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. నాకు ఉదయం తిన్నది ఇమడలేదు. బిస్కెట్లు పాతవి.

సోమవారం, చీకటి పడేముందు

మధ్యాహ్నం తిన్నది కూడా ఇమడలేదు. బ్రెడ్డు కూడా పాతదే అయ్యుండాలి.

ఆవిడ చుక్కాని దగ్గర కూర్చుంటే చూడటానికి బాగుంటుంది, ఒప్పుకోవాలి. ఇంట్లో గిన్నె ఎక్కడ పెట్టిందో నన్నడిగే మనిషి ఇక్కడ వెనక్కి తిరక్కుండానే రాబోయే అలకి సర్దుకుంటుంది. ఎలా తెలుస్తుందని అడిగాను.

"చేతికి తెలుస్తుంది," అంది. "కర్రలోంచి వస్తుంది."

"నాకేం రాలేదే, నిన్న పట్టుకున్నప్పుడు."

"మీరు పీక పట్టుకున్నట్టు పట్టుకుంటారు మాస్టారూ. దానికి ఊపిరాడాలి కదా, అప్పుడు చెప్తుంది."

మంగళవారం

రేడియోలో వాతావరణం చెప్పారు. వెనక నుంచి పెద్ద గాలి వస్తోంది. తిరిగి వెళ్దామా అని నేను అడగలేదు, ఎంత దూరం వచ్చేశామో మాత్రం అడిగాను. ఆవిడకి అర్థమైంది.

"వెనక్కి తిరిగితే గాలికి ఎదురెళ్ళాలి. అది ఇంకా కష్టం. ముందుకే పోదాం, తెరచాప చిన్నది చేసుకుని," అంది.

పెద్ద తెరచాపని కొంత కిందికి దించి చుట్టింది. ఆ తెరచాప అడుగున అడ్డంగా బూమ్ అని ఒక లోహపు గొట్టం ఉంటుంది, నా తొడంత లావు. గాలి వెనక నుంచి వచ్చేటప్పుడు అది ఒక పక్కకి చాచుకుని ఉంటుంది. బోటు కొంచెం ఎక్కువ తిరిగితే చాలు, గాలి తెరచాప రెండో వైపు దూరి, ఆ గొట్టాన్నీ దాన్ని లాగిపెట్టిన తాళ్ళనీ ఒక్క విసురున ఇటు నుంచి అటు కొడుతుంది. అందుకని దాన్ని ఒక తాడుతో ముందుకి కట్టింది. నడుముకి బెల్టు కట్టుకుని, ఆ బెల్టుని బోటుకి తగిలించుకుంటే గాని బయటికి రావద్దని నాకు పదిసార్లు చెప్పింది. ఒక్కసారి చెబితే సరిపోయేది.

సాయంత్రానికి అలలు మేడలంత అయ్యాయి. నేను ఆవిడ ముందు కూర్చుని, "కొంచెం ఎడమ... కొంచెం ఎడమ..." అంటున్నాను, నాకు తెలియకుండానే.

"మాస్టారూ," అంది, "నేను లైసెన్సు పరీక్షకి రాలేదు."

తాళ్ళు చుట్టటం మొదలుపెట్టాను.

బుధవారం

తెరచాప చిరిగింది. ఆవిడ కుడి చెయ్యి విరిగింది. పెద్ద అల వచ్చి తన్నింది, చుక్కాని దానంతటదే తిరిగిపోయింది.

రాయలేకపోతున్నాను.

బుధవారం, మళ్ళీ

ఇప్పుడు కొంచెం స్థిమితంగా ఉంది. ముందున్న చిన్న తెరచాపని వెనక్కి లాగి, చుక్కానిని తాడుతో కట్టేశాం. బోటు ముందుకి పోకుండా ఒక్క చోటే పడుతూ లేస్తూ ఉంది. ఎలా చెయ్యాలో ఆవిడే చెప్పింది, పళ్ళు బిగబట్టుకుని. ఇప్పుడు కింద పడక మీద ఉంది. మాత్రలు వేసుకుంది.

జరిగింది వరసగా రాసుకుంటే మనసు కుదుటపడుతుంది. మధ్యాహ్నం, వాన. ఆవిడ ఎడమ పక్క కూర్చుని కుడిచేత్తో చుక్కాని పట్టుకుంది. నేను ఆవిడ ముందు, అదే పక్క. తెరచాప కుడివైపు చాచుకుని ఉంది. వెనక నుంచి పెద్ద అల లేచింది. ఆవిడ తల తిప్పి దాన్ని చూస్తోంది. బోటు ముక్కు కుడికి జరిగింది. ఆవిడ సర్దేలోపే ఇంకా కుడికి తిరిగిపోయింది. బూమ్ కట్టిన తాడు తెగింది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుంది, తాళ్ళు ఆ చేతిని కొట్టుకుంటూ పోయాయి.

సముద్రంలో ఇలా జరుగుతూనే ఉంటుంది. ఎంతటివాళ్ళకైనా.

చేతిని ఆవిడే నొక్కి చూసుకుంది. "రేడియస్," అంది, ఎవరిదో ఎక్స్-రే చూసి చెప్పినట్టు. "ముంజేతిలో రెండో ఎముక బాగానే ఉన్నట్టుంది. ఆ పత్రిక చుట్టి ఇలా పెట్టండి. గట్టిగా కట్టండి, ఏం కాదు." కట్టాను. "బాగానే కట్టారు, దిగులు పడకండి," అంది. తనకి నొప్పిగా ఉంటే నన్ను ఓదార్చింది.

తరవాత చాలాసేపటికి అంది. "ఎలా జారిపోయిందంటారు?"

"ఏంటి?"

"చుక్కాని. నా చేతిలోంచి ఎప్పుడూ జారలేదు. ఎవరో పీక్కున్నట్టు పోయింది."

"అల," అన్నాను.

"అల అయితే ముందు చేతికి తెలుస్తుంది," అంది.

బుధవారం, ఇంకొక్క మాట

నా చెయ్యి చుక్కాని దగ్గర ఉంది. ఉండటం వేరు, పట్టుకోవటం వేరు. నా చెయ్యి ఎప్పుడూ అక్కడే ఉంటుంది, అది అలవాటు.

గురువారం

గాలి కొంచెం తగ్గితే మళ్ళీ కదిలాం. ఇంజిను వేసి చూశాను. కాసేపు దగ్గి ఊరుకుంది. అలల కుదుపుకి ట్యాంకు అడుగున ఉన్న మడ్డంతా పైకి లేచి డీజిలు గొట్టంలో చేరిందని ఆవిడ అంది. బావమరిది పనితనం. ఈ మాట ఒడ్డు చేరాక అతని ముఖాన అంటాను.

ఉన్నది ముందు తెరచాప ఒక్కటే. చుక్కాని నాదే. ఆవిడ మెట్ల మీద, చేతిని మెడకి కట్టుకుని, ముఖం పాలిపోయి, నాకు చెబుతోంది. "కొంచెం మీ వైపు. చాలు. ఇప్పుడు వదలండి. పీక నొక్కొద్దు." మొదటి గంట బాగానే చెప్పింది. తరవాత చెప్పి, చెప్పింది సరేనా అని ఆగటం మొదలుపెట్టింది. తరవాత, "మీకేమనిపిస్తోంది?" అంది.

ఈ బోటు కొన్న దగ్గర్నుంచి దాన్ని నడపటంలో ఆవిడ నన్ను సలహా అడగటం అదే మొదటిసారి. సంతోషించాలి. చుక్కాని పీక ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

గురువారం, సాయంత్రం

ఆవిడ అంతా కలిపి ఒక కథ అల్లుకుంది. ఈ మధ్య ఆస్పత్రిలో కూడా చెయ్యి తిమ్మిరెక్కుతోందట. ఒకరోజు ఏదో జారి కింద పడిందట. నరాలకి ఏదో వచ్చిందని, తను పట్టించుకోలేదని, ఇలాంటి చేతిని నమ్మి నన్ను ఇంత దూరం తీసుకొచ్చి ప్రాణం మీదకి తెచ్చిందని.

"నిద్ర చాలక తిమ్మిరెక్కి ఉంటుంది," అన్నాను.

"మీరు నన్ను ఊరుకోబెట్టకండి. పక్కన మీరు కాక ఇంకెవరైనా ఉంటే ఏమయ్యేది? మీరు కాబట్టి కంగారుపడకుండా అన్నీ చేశారు."

నేను బిస్కెట్ పొట్లం అందుకున్నాను.

రాత్రికని చుక్కాని మళ్ళీ కట్టేశాక రేడియోలో రేవు దొరికింది. మా పరిస్థితి అడిగారు. ఆవిడ బటను నొక్కి, అందరూ వినే ఆ రేడియోలో, "నా పొరపాటు వల్ల తెరచాప చిరిగింది" అంది. నొక్కి మరీ చెప్పింది. సముద్రం మీద ఆవిడ పరువు నా కళ్ళ ముందు పోతుంటే నేను పక్కన కూర్చుని బిస్కెట్ పొట్లం విప్పుతున్నాను.

తరవాత మెల్లగా అంది. "అవతలికి చేరాక బోటు అక్కడే అమ్మేద్దాం."

పదేళ్ళుగా ఈ మాట కోసం చెవులు కోసుకున్నాను.

గురువారం, పడుకునేముందు

పట్టుకున్నాను. పట్టుకోవటం వేరు, లాగటం వేరు.

లాగాను. రెండు చేతులతో, ఎడమకి. కారయితే ఎడమకి తిరిగేది.

చెప్పను. చెప్పి ఏం లాభం. విరిగిన ఎముక అతుక్కుంటుందా. ఒడ్డు చేరాక, ఆవిడ కోలుకున్నాక, మంచి సమయం చూసి చెబుతాను. లేదా బోటు అమ్మేశాక. అప్పటికి ఇవన్నీ ఎవరికి గుర్తుంటాయి.

శుక్రవారం

ఇది చీకటి పడ్డాక, బోటు లోపల కూర్చుని రాస్తున్నాను. రేవు దీపాలు కనపడుతున్నాయి. మేం మాత్రం బయటే ఉన్నాం.

మధ్యాహ్నానికి ఒడ్డు కనిపించింది. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. కొండ, ఇళ్ళు, ఒక రోడ్డు, దాని మీద నిజంగా ఒక లారీ. దాంతోపాటే గాలి మళ్ళీ లేచింది. రేవుకి రెండు రాతి గోడలు, వాటి మధ్య చిన్న సందు, బోటు అందులోంచే లోపలికి పోవాలి. అలలు ఆ గోడల మీద పడి తెల్లగా పైకి లేస్తున్నాయి. సందులో నీళ్ళు ఒకసారి నల్లగా, ఒకసారి తెల్లగా కనిపిస్తున్నాయి. నల్లగా ఉన్నప్పుడు దూరిపోవచ్చు అనిపిస్తుంది. అలా అనిపించటమే నాక్కావాలి.

రేడియోలో రేవు ఆయన పలికాడు. గొంతు పెద్దాయనది.

"అమ్మా, ఇక్కడ అలలు గోడలు దాటుతున్నాయి. రమ్మని చెప్పలేను, రావద్దనీ చెప్పలేను. మీ బోటు సంగతి మీకే తెలియాలి. కెప్టెన్ ఎవరు?"

ఆవిడ బటను మీద వేలు పెట్టి నాకేసి చూసింది. ఎప్పుడూ ఎవరి ముందూ తగ్గని మనిషి.

"మావారు," అంది.

తల కొట్టేసినట్టయింది. ఆయన "సరే, కెప్టెన్ గారిని అడిగి చెప్పండి" అన్నాడు.

"మీరు చెప్పండి," అంది ఆవిడ. "నాకు బయటే ఉండాలనిపిస్తోంది. చీకటి పడ్డా సరే, గాలి తగ్గేదాకా లోతు నీళ్ళలో ఉండటం మంచిదనిపిస్తోంది. కానీ నాకనిపించేదాన్ని నేను నమ్మలేకపోతున్నాను. మీరెటంటే అటు."

లోపలికి పోదాం అన్నాను.

ఎందుకన్నానో ఇక్కడ దాచటమెందుకు. ఒక్క గంటలో కాళ్ళు నేల మీద ఉంటాయి. ఆవిడకి డాక్టరు, నాకు కదలని మంచం. బోటు అమ్మేస్తాం. ఎవరికీ ఏమీ తెలియదు. నేను నోరు మూసుకుని కూర్చుంటే చాలు, అన్నీ నా కాళ్ళ దగ్గరికొస్తాయి.

"సరే," అని ఆవిడ తలూపింది. నేను బోటు ముక్కుని ఆ సందు వైపు తిప్పాను. గోడలు దగ్గరయ్యే కొద్దీ చప్పుడు పెరిగింది, నీళ్ళ చప్పుడు కాదు, రాళ్ళు పగలగొడుతున్నట్టు. ఆవిడ మెట్ల మీద కూర్చుని ఎడమచేత్తో గడప పట్టుకుంది. నన్ను చూడటంలేదు, గోడల్ని చూడటంలేదు. విరిగిన చేతి వేళ్ళని ఒక్కొక్కటే కదిలించి చూసుకుంటోంది, ఏది పనిచేస్తోంది, ఏది చెయ్యటంలేదు అని. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. మళ్ళీ మొదటి నుంచి.

నేను తట్టుకోలేకపోయాను.

"చుక్కాని నీ చేతిలోంచి జారలేదు," అన్నాను.

గాలి హోరులో వినపడలేదు. "ఏంటి?"

"జారలేదు. నేను లాగాను."

ఆవిడ తలెత్తింది. నేను అనుకున్నది ఏడుస్తుందని, లేకపోతే తిడుతుందని. రెండూ లేవు. ఎక్స్-రే గదిలోకి వచ్చినవాణ్ణి ఎక్కడ నొప్పి అని అడిగినట్టు అడిగింది.

"ఎటు లాగారు?"

"ఎడమకి. కారు తిప్పినట్టు."

"అప్పుడు నా చెయ్యి?"

"కర్ర మీదే ఉంది. గట్టిగానే ఉంది. నేను రెండు చేతులతో లాగాను."

"రెండు చేతులతో," అంది.

"భయమేసింది. నువ్వు తిప్పటం ఆలస్యమైందనుకున్నాను. కాలేదు. నువ్వు అప్పటికే సర్దుతున్నావు."

ఆవిడ కళ్ళు మూసుకుని తెరిచింది. ఆ కాస్తలో ఏమనుకుందో నాకు ఎప్పటికీ తెలియదు. తరవాత లేచి, గడప దాటి బయటికొచ్చి, ఎడమచేత్తో బెల్టు తగిలించుకుంది. రేడియో మైకు అందుకుంది.

"కెప్టెన్ మాట్లాడుతున్నాను. లోపలికి రావటంలేదు. బయటే ఉంటాం."

"కెప్టెన్ మీవారన్నారు కదమ్మా?"

"నేనే," అని మైకు పెట్టేసింది. నాకేసి తిరిగి, "జరగండి" అంది.

జరిగాను. ఆవిడ ఎడమచేత్తో చుక్కాని పట్టుకుంది. గాలి ఒడ్డుకి ఏటవాలుగా ఉందని, పెద్ద తెరచాప కూడా ఉంటే మెల్లగా సముద్రం వైపు జరిగిపోవచ్చని అంది. చిరిగింది కింది భాగమే. దాన్ని చుట్టి కట్టేస్తే పైన ఉన్న ముక్క పనికొస్తుంది. ఆ పని బోటు మధ్యలో తెరచాప కట్టిన స్తంభం దగ్గరికి వెళ్ళి చెయ్యాలి. ఒంటిచేత్తో తను చెయ్యలేదు.

"వెళ్ళండి," అంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంత ప్రయాణంలో నేను స్తంభం దాకా ఎప్పుడూ వెళ్ళలేదు. పాక్కుంటూ వెళ్ళాను. ఒక అల మెడ దాకా ముంచి వదిలింది. వేళ్ళు తిరగవు, తాడు ముడి పడదు. వెనక నుంచి ఆవిడ గొంతు. "ఎడమ తాడు ముందు. అది కాదు, నీలం గీత ఉన్నది. లాగండి. ఇంకా. ఇప్పుడు కట్టండి." ఆ గొంతులో అనుమానం మచ్చుకైనా లేదు. నాకు వాంతి వస్తోంది, చలి, భయం, అయినా ఆ గొంతు వింటుంటే గుండెలో ఒక ముల్లు తీసేసినట్టయింది. ఈ వాంతి పాత బిస్కెట్ల వల్ల కాదు, భయమే. మొదటి రోజు నుంచీ భయమే.

తెరచాప ముక్క పైకి లేచి గాలి పట్టింది. గోడలు పక్కకి జరగటం మొదలుపెట్టాయి, ఎంత మెల్లగా అంటే చాలాసేపు నాకు నమ్మకం కుదరలేదు. తరవాత వెనకబడ్డాయి.

నేను పాక్కుంటూ వెనక్కొచ్చి ఆవిడ ముందు కూర్చోబోయాను.

"అక్కడొద్దు," అంది. "అటు మూల కూర్చోండి. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకోండి, నాకు కనపడేలా."

అలాగే కూర్చున్నాను. చీకటి పడింది. లోతు నీళ్ళలోకి వచ్చి, చుక్కాని కట్టేశాక, కిందికి దిగబోతూ అంది.

"మొన్నట్నుంచి నా వేళ్ళకి నేనే పరీక్ష పెట్టుకుంటున్నాను. మీరు చూస్తూనే ఉన్నారు."

శనివారం

గాలి తగ్గింది. ఉదయం ఎండలో ఆ సందులోంచి లోపలికి వచ్చాం. ఆవిడే, ఎడమచేత్తో. నేను తాడు విసిరాను, రేవు పెద్దాయన అందుకున్నాడు.

"నిన్న మీరు రాకపోవటమే మంచిదైంది. మీరు తిరిగిపోయిన కాసేపటికి సందంతా తెల్లబడిపోయింది, చీకటిదాకా నల్లనీళ్ళే కనిపించలేదు," అన్నాడు. తరవాత ఆవిడని అడిగాడు. "మీవారు కెప్టెన్ అన్నారేంటమ్మా మొదట?"

"అప్పుడు నా ఒంట్లో బాగాలేదు," అంది.

ఆస్పత్రిలో ఎక్స్-రే తీశారు. తీసే కుర్రదాని పక్కన నిలబడి ఆవిడే చూసుకుంది. రేడియస్ ఒక్కటే. నరాలు కూడా చూడమని డాక్టరుని పట్టుబట్టి అడిగింది. సూదితో గుచ్చి, వేళ్ళు నొక్కి చూసి ఏ లోపమూ లేదన్నాడు. ఆవిడ "అవును" అంది. మందుల చీటీ నాకిచ్చింది.

బుధవారం

గది అద్దెకి తీసుకున్నాం. కట్టు విప్పేదాకా ఇక్కడే. ఆవిడ మామూలుగానే ఉంది. టీ అడుగుతుంది, కిటికీ తియ్యమంటుంది. బావమరిది ఫోన్ చేస్తే ఇంజిను గురించి నాలుగు చీవాట్లు పెట్టింది. చెయ్యి ఎలా విరిగిందని అతనడిగితే బూమ్ తాళ్ళు తగిలాయంది. నేను పక్కనే ఉన్నాను. ఫోన్ నాకిమ్మని అడిగాను. నేనే లాగానని చెప్పాను. ఎల్ బోర్డు మాట ఎత్తుతాడనుకున్నాను, ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది.

గురువారం

క్షమించమని అడిగాను. క్షమించానంది, పేపరు చదువుతూ.

చాలా రోజుల తరవాత

ఈ మధ్య ఏమీ రాయలేదు, రాయటానికి ఏమీ లేక కాదు.

ఇవాళ కట్టు విప్పారు. చెయ్యి సన్నబడింది. ఆవిడ రేవుకి వెళ్దామంది, నడుచుకుంటూ వెళ్ళాం. తెరచాప కుట్టించి తెచ్చి మడతపెట్టి ఉంచారు. ఇంజినుకి కొత్త గొట్టాలు వేశారు. ఆవిడ బోటు ఎక్కి కుడిచేత్తో చుక్కాని పట్టుకుని, కట్టేసి ఉన్న బోటులోనే చాలాసేపు అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. నేను గట్టు మీదే నిలబడ్డాను. రమ్మంటుందేమోనని చూశాను.

దిగి వచ్చి నా పక్కన నిలబడింది.

"అమ్మటంలేదు," అంది.

"తెలుసు. మంచిది."

"ఇంకో పది రోజులకి చెయ్యి గట్టిపడుతుంది. వాతావరణం చూసుకుని నేనే తీసుకెళ్తాను. ఒక్కదాన్నే. మీరు ఫెర్రీ ఓడలో రండి."

"తమ్ముణ్ణి పిలిపించుకోవచ్చుగా."

"వద్దు."

"నన్ను ఇంకా క్షమించలేదా?"

ఆవిడ నా వైపు తిరిగింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే ఏదో ఒకటి జవాబు చెప్పేవాణ్ణి.

"క్షమించాను మాస్టారూ. నిజంగానే. లాగారు, సరే, భయంలో ఎవరి చేతులైనా కదులుతాయి. తరవాత రెండు రోజులు ఊరుకున్నారు. దాన్ని కూడా క్షమించాను. మీతో ఇంట్లో ఉంటాను, మీ కారులో తిరుగుతాను, ముసలిదాన్నయ్యాక మీరు మందులిస్తే వేసుకుంటాను. బోటులో మాత్రం మిమ్మల్ని ఎక్కించుకోను. ఇక ఎప్పుడూ."

అని, చెప్పాల్సింది చెప్పేసినట్టు నా చెయ్యి పట్టుకుంది, ఆ విరిగి అతికిన చేత్తోనే. పట్టు బలంగానే ఉంది. ఫెర్రీ టికెట్ల కిటికీ ఎటువైపో అడిగింది.

ఇక ఎప్పుడూ ఆ బోటు ఎక్కక్కర్లేదు. పదేళ్ళుగా నేను కోరుకున్నది ఇదే, ఇంతకంటే ఒక్క పిసరు ఎక్కువ కోరుకోలేదు. ఆవిడ కిటికీ దగ్గర నా ఒక్కడికీ టికెట్ తీసుకుంటుంటే బెంచీ మీద కూర్చుని, ముఖం అటు తిప్పుకుని ఏడ్చాను.